మా మాట కూడా వినండి: మానసిక వైద్యులకు ఒక తల్లి బహిరంగ లేఖ

మానసిక వైద్యులందరికీ నమస్కారం.

మీ దగ్గర వైద్యం చేయించుకుంటూ, ఇంట్లో అమ్మానాన్నలతో ఉంటున్న పెద్ద పిల్లల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పెద్ద పిల్లలంటే ఇరవై దాటినవాళ్ళు, ముప్పై దాటినవాళ్ళు, నలభైల్లో ఉన్నవాళ్ళు కూడా. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు, ఉద్యోగంలో చేరి నిలబడలేకపోయినవాళ్ళు, కాపురం చెడి తిరిగొచ్చినవాళ్ళు. మా అబ్బాయి వాళ్ళలో ఒకడు. వాడికున్నది స్కిజోఫ్రెనియా అని, అంటే లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టించే జబ్బని మీలో ఒకరు చెప్పారు. ఆ పేరు తెలియక ముందు కొన్నేళ్ళు, తెలిశాక మరి కొన్నేళ్ళు వాడితో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషిగా మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇంట్లోవాళ్ళ మాట వినండి. వాడి గురించి మాకేమీ చెప్పకపోయినా సరే, మేం చెప్పేది మాత్రం వినండి.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే మాలాంటి వాళ్ళకి తరచూ వచ్చే జవాబు ఇది: "మీ అబ్బాయి మైనర్ కాదండీ. ఆయన ఒప్పుకోకుండా మేం మీతో మాట్లాడకూడదు." ఆ నియమం ఎందుకుందో నాకు తెలుసు. వాడు మీతో చెప్పుకున్నది వాడి సొంతం. అమ్మకు తెలిసిపోతుందేమోనన్న భయం లేకుండా మనసు విప్పుకునే చోటు వాడికి ఒక్కటైనా ఉండాలి. దాన్ని పాడుచెయ్యమని నేను అడగను. కానీ ఆ నియమం మిమ్మల్ని చెప్పొద్దంటుందే తప్ప వినొద్దనదు. "మీరు చెప్పేది రాసుకుంటానమ్మా, నేను మాత్రం ఏమీ చెప్పలేను" అంటే చాలు. నేను ఫోన్ చేసిన సంగతి వాడికి చెప్పాలనిపిస్తే చెప్పండి. దాచమని కోరను.

ఇందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మనిషికి జీవితంలో వచ్చే మానసిక జబ్బుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ళలోపే మొదలవుతాయని 2005లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద సర్వే చెప్పింది. స్కిజోఫ్రెనియా అయితే మగపిల్లల్లో ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై, ఇరవై అయిదు ఆ ప్రాంతంలోనే బయటపడుతుంది. అంటే పిల్లవాడు చట్టం లెక్కలో పెద్దవాడయ్యే వేళకే జబ్బు కూడా వస్తుంది. మొన్నటిదాకా జ్వరమొస్తే ఎన్ని డిగ్రీలుందో, ఏం తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో మమ్మల్నే అడిగారు. అంతకంటే వంద రెట్లు పెద్ద కష్టం వచ్చినప్పుడు మమ్మల్ని గది బయట కూర్చోబెడుతున్నారు.

అందరు తల్లిదండ్రులూ మంచివాళ్ళేనని నేను వాదించను. కొట్టే తండ్రులున్నారు, పిల్లల పేరు మీద డబ్బు తినే బంధువులున్నారు, ఇంటి వల్లే గాయపడ్డ పిల్లలున్నారు. అలాంటి చోట ఎవరిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవలసింది మీరే. అయితే ఆ సంగతి తెలియాలన్నా ఆ తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి కదా.

ఫిన్లాండ్ ఉత్తరాన, టోర్నియో అనే ఊళ్ళోని ఆసుపత్రి వాళ్ళు 1980లలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఓపెన్ డైలాగ్ అంటారు. కబురు అందిన 24 గంటల్లోపే, వీలైతే, రోగినీ ఇంట్లోవాళ్ళనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. రోగి గురించిన ఏ మాటైనా, ఏ నిర్ణయమైనా ఆ మనిషి ఎదుటే. అక్కడ దాపరికం లేదు, వెలివేత లేదు. ప్రతి ఆసుపత్రిలో అంత సిబ్బంది, అంత సమయం ఉంటాయని నేననుకోను. కానీ ఒక్క సమావేశమైనా అలా జరిగితే ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

మా మాట ఎందుకు అవసరమో చెబుతాను. మా వాడు మీ దగ్గరకొచ్చే రోజు స్నానం చేస్తాడు, తల దువ్వుకుంటాడు. ఉన్న శక్తినంతా కూడగట్టుకుని ఆ కాసేపు నిలబడతాడు. నిద్ర పడుతోందా అంటే పడుతోందంటాడు. మందులు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానంటాడు. గొంతులు వినిపిస్తున్నాయా అంటే లేదంటాడు. ఇంటికెళ్ళగానే తలుపేసుకుని రెండు రోజులు బయటకు రాడు. వాడు అబద్ధాలాడుతున్నాడని నేననను. తనకు జబ్బుందన్న సంగతే తెలియకుండా చేసే గుణం ఈ జబ్బులో ఉందని మీకు నాకంటే బాగా తెలుసు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినా, నా చెయ్యి బాగానే ఉందనే రోగుల గురించి బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి డాక్టర్ 1914లోనే రాశారు. దానికి ఆయన పెట్టిన అనోసోగ్నోజియా అన్న పేరే ఇప్పుడు మా పిల్లల విషయంలోనూ వాడుతున్నారు. మరి రోగికి తన జబ్బు కనబడనప్పుడు, రోగి మాట ఒక్కటే విని మందు రాయడం ఎలా సరిపోతుంది?

ఒక సంగతి వివరంగా చెబుతాను. ఒకసారి మా వాడికి కొత్త టాబ్లెట్ మొదలుపెట్టారు. కొద్ది రోజులకే వాడు కుదురుగా కూర్చోలేకపోయాడు. కుర్చీలో కూర్చుంటాడు, వెంటనే లేస్తాడు. భోజనం నిలబడే చేసేవాడు. నిలబడినప్పుడు కూడా బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తూనే ఉండేవాడు. రాత్రంతా హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడక. ఏమైంది నాన్నా అంటే, "కాళ్ళు ఆగట్లేదమ్మా, లోపల ఏదో పాకుతున్నట్టుంది, చర్మం విప్పేసుకోవాలనిపిస్తోంది" అన్నాడు. వాడు అంత స్పష్టంగా ఏదైనా చెప్పి అప్పటికి చాలా కాలమైంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అపాయింట్‌మెంట్ రోజున రమ్మన్నారు. ఆ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. బయటకొచ్చిన చీటీలో డోసు పెరిగింది. ఆందోళన ఎక్కువగా ఉంది కాబట్టి జబ్బు ముదిరిందనుకున్నారు.

ఆ తర్వాతి రోజులు నరకం. చివరికి వేరే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన వాడితో మాట్లాడాక, వాడి అనుమతి అడిగి నన్నూ పిలిచారు. "ఈ నడక ఎప్పటి నుంచి?" అన్నారు. తేదీ చెప్పాను. "టాబ్లెట్ ఎప్పుడు మార్చారు?" అదీ చెప్పాను. రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని, కాసేపు వాడి కాళ్ళ వంక చూశారు. ఇది జబ్బు కాదు, మందు వల్ల వచ్చిన అకతీసియా, అంటే కుదురుగా ఉండనివ్వని బాధ అన్నారు. డోసు తగ్గించి, ఇంకో మందు ఇచ్చారు. కొద్ది రోజుల్లో వాడు కూర్చుని భోజనం చేశాడు. అకతీసియా మీకు కొత్త కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. దాన్ని భరించలేక ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ళు ఉంటారనీ మీకు తెలుసు. ఇంట్లోవాళ్ళ దగ్గరున్న రెండు తేదీలను ఎవరూ అడగకపోవడం వల్ల అది జబ్బు ముదిరినట్టు కనబడింది. అంతే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మూడ్‌ను నిలకడగా ఉంచడానికి లిథియం అనే మందు వాడుతున్న అమ్మాయికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి, ఆ మందే విషమయ్యే ప్రమాదం ఉంది. ఆ సంగతి ముందే తెలిసిన తల్లి మర్నాటి దాకా ఆగదు. స్కిజోఫ్రెనియాకు క్లోజపిన్ అనే మందు వాడే కుర్రవాడు ఉన్నట్టుండి సిగరెట్లు మానేస్తే రక్తంలో ఆ మందు పాళ్ళు పెరుగుతాయి. మానేశాడని ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో వాడి బట్టలు ఉతికేవాళ్ళకి తెలుస్తుంది, పొగ వాసన ఉండదు కాబట్టి. జబ్బు తిరగబెట్టే ముందు వచ్చే చిన్న చిన్న మార్పులు కూడా అంతే. నిద్ర కాస్త తగ్గడం, ఒకే పాట పదే పదే పెట్టుకోవడం, అద్దం మీద గుడ్డ కప్పడం, ఫోన్‌లో నంబర్లు చెరిపేయడం. ఒక్కో పిల్లవాడికి ఒక్కో తీరు. మా వాడికైతే ముందు కర్టెన్లు మూసుకుంటాయి, ఆ తర్వాత మాటలు తగ్గుతాయి. ఇది ఏ స్కానింగ్‌లోనూ కనబడదు, నన్నడిగితే చెబుతాను.

ఇక మీరు మాకు చెప్పదగినవి. వాడి రహస్యాలు కాదు, జబ్బు గురించి. జబ్బు గురించి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో జరిగే గొడవల్లో సగం మాకు ఏదీ తెలియకపోవడం వల్లే జరుగుతాయి. మధ్యాహ్నం దాకా లేవడు, స్నానం చెయ్యడు, తిన్న కంచం తీయడు, ఏ పనీ మొదలుపెట్టడు. చూసేవాళ్ళకి అది ఒళ్ళు బద్ధకం. "ఇంత వయసొచ్చింది, కాలు కదపడు" అని చుట్టాలంటారు. తండ్రికి కోపం వస్తుంది, కేకలు వేస్తాడు. ఏదైనా చెయ్యాలన్న కోరికనే చంపేయడం స్కిజోఫ్రెనియా లక్షణాల్లో ఒకటనీ, గొంతులు తగ్గాక కూడా అది ఏళ్ళ తరబడి ఉండొచ్చనీ, దానికి తోడు కొన్ని మందులు పొద్దున్నపూట మత్తుగా ఉంచుతాయనీ మొదటి రోజే ఒక్కరు చెప్పి ఉంటే ఎన్ని ఇళ్ళు చల్లబడేవో.

1950లలో లండన్ ఆసుపత్రుల నుంచి ఇళ్ళకు వెళ్ళిన మగ రోగులను జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు గమనించారు. అద్దె గదుల్లో ఉన్నవాళ్ళకంటే, తోబుట్టువుల దగ్గరికి వెళ్ళినవాళ్ళకంటే, తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళే ఎక్కువగా మళ్ళీ ఆసుపత్రి పాలయ్యారు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అప్పటికే తల్లులను నిందించే అలవాటు మీ రంగంలో బాగా ఉండేది. తల్లి పెంపకమే స్కిజోఫ్రెనియాకు కారణమన్న ఆలోచనకు 1948లో ఫ్రీడా ఫ్రామ్-రీచ్‌మన్ అనే మనోవైద్యురాలు ఒక పేరే పెట్టారు. ఎన్ని తరాల తల్లులు ఆ నింద మోశారో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ సిద్ధాంతం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు.

బ్రౌన్ చెప్పింది మాత్రం వేరు. 1972 నాటికి ఆయన, ఆయన సహచరులు తేల్చింది ఏమిటంటే, జబ్బును ఇల్లు పుట్టించదు, కానీ ఎడతెగని విమర్శ, పగ, ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త ఉన్న ఇంట్లో జబ్బు త్వరగా తిరగబెడుతుంది. వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపే ఇళ్ళలో ఆ ముప్పు మరీ ఎక్కువ. మరి జబ్బు గురించి చెప్పి, ఆ విమర్శ తగ్గించుకోవడం ఆ ఇళ్ళకు నేర్పితే? 1982లో జూలియన్ లెఫ్ బృందం లండన్‌లోనే నేర్పి చూసింది. అందరూ మందులు వాడుతున్నవాళ్ళే. తొమ్మిది నెలల్లో మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో సగం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇంట్లోవాళ్ళకు కూడా నేర్పిన వైపు అది పది శాతం కూడా లేదు. అది 24 మందితో చేసిన చిన్న అధ్యయనమే, కానీ ఆ తర్వాత చాలా దేశాల్లో చేసిన పరిశోధనలు కూడా ఆ వైపే చూపించాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలైతే ఇంట్లోవాళ్ళతో కలిసి ఉండే రోగుల కుటుంబాలకు మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 10 సెషన్లు ఇవ్వాలంటాయి. నాకు ఇన్నేళ్ళలో ఒక్క సెషన్ కూడా ఎవరూ ఇస్తామనలేదు. అలాంటిదొకటి ఉందనే చెప్పలేదు.

నేను నేర్చుకున్నదంతా ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్న ఇంకో తల్లి దగ్గరే. గోడ అవతలివాళ్ళు నా మాటలు వింటున్నారని వాడంటే, "పిచ్చి మాటలాపు" అనకూడదు, "అవును నాన్నా" అనీ అనకూడదని ఆవిడే చెప్పారు. "నాకు వినబడట్లేదు నాన్నా. కానీ నీకలా వినిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో" అనాలట. అన్నాను. వాడు నా వంక చూసి, "చాలా భయంగా ఉంటుంది" అన్నాడు. ఏం పని చెప్పినా ఒక్కసారి ఒక్కటే చెప్పాలనీ, చెప్పి అక్కడి నుంచి వెళ్ళిపోవాలనీ, నెత్తి మీద నిలబడకూడదనీ, ఇంట్లో రెండు మూడు నియమాలే పెట్టుకుని వాటిని మాత్రం వదలకూడదనీ కూడా ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. ఆ మంచి మనిషి ఆ రోజు నా పక్కన కూర్చోకపోతే? ఈ విద్య అదృష్టం మీద ఆధారపడకూడదు. ఇది మీరు నేర్పాలి.

తాగుడు, మత్తుమందుల్లో పడ్డ పిల్లల తల్లిదండ్రులకు మీరిచ్చే సలహా ఎక్కువగా ఒకటే: "తనంతట తనకు రావాలి, అప్పటిదాకా మీరేం చెయ్యలేరు." ఇది నిజం కాదు. తాగుడుకు బానిసైనవాళ్ళ ఇంట్లోవాళ్ళతో అమెరికాలో చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, క్రాఫ్ట్ అనే పద్ధతి నేర్చుకున్న ఇళ్ళలో 64 శాతం మంది తాగుబోతులు చికిత్సకు ఒప్పుకున్నారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతం, నీ సంగతి నువ్వు చూసుకో అని వదిలేయమనే పద్ధతిలో 13 శాతం. తాగని రోజు దగ్గరుండి మంచిగా గడపడం, తాగిన రోజు పక్కకు తప్పుకోవడం, దాని ఫలితం వాళ్ళనే అనుభవించనివ్వడం, ఏ గడియలో చికిత్స మాట ఎత్తాలో తెలుసుకోవడం. క్రాఫ్ట్ నేర్పేది ముఖ్యంగా ఇదే. తల్లిదండ్రులు నేర్చుకోగలిగినవే ఇవన్నీ.

బయటకు చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. మేం కొన్నిసార్లు మా పిల్లలకు భయపడతాం. మానసిక జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, వాళ్ళే ఎక్కువగా దెబ్బలు తింటారు. అది నిజం. కానీ జబ్బు ముదిరిన రాత్రి పడకగదికి గడియ పెట్టుకుని, అవతల వస్తువులు పగులుతుంటే వింటూ కూర్చున్న తల్లిదండ్రులు ఉన్నారు. అదీ నిజమే. అప్పుడు ఫోన్ చేస్తే "ఆసుపత్రికి తీసుకురండి" అంటారు. ఆరడుగుల మనిషిని, రానంటున్నవాడిని, అరవై దాటిన ఇద్దరు ఎలా తీసుకురావాలి? ఆ రాత్రి కోసం ప్లాన్, వాడు బాగున్న రోజుల్లోనే, వాడితో కూర్చుని రాయించండి. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరిని చూస్తే వాడు శాంతిస్తాడు, ఏ మందు పడలేదు, ఎక్కడికి తీసుకెళ్తే ఒప్పుకుంటాడు. ఇలాంటి ముందస్తు పత్రానికి విలువనిచ్చే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. చట్టం మాట అటుంచినా, వాడి చేతిరాతతో ఉన్న కాగితాన్ని చూపించి "నువ్వే రాశావు కదా నాన్నా" అనడానికీ, మేం బలవంతపెట్టడానికీ చాలా తేడా ఉంది.

డిశ్చార్జ్ రోజు గురించి కూడా. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాల్లో ఆత్మహత్య ముప్పు చాలా ఎక్కువని మీ పరిశోధనలే చెబుతున్నాయి. మా చేతికి మాత్రం ఒక మందుల చీటీ, నెల తర్వాతి తేదీ ఇచ్చి పంపుతారు. ఆ మొదటి వారంలో ఒక్క ఫోన్ చెయ్యండి. వాడికీ చెయ్యండి, మాకూ చెయ్యండి. మందులు ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వకుండా కొద్దికొద్దిగా ఇవ్వండి, ఎక్కడ దాచాలో, వాడి నోట ఏ మాట వింటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలో చెప్పండి. ఆ రోజుల్లో మేం నిద్రపోం ఎలాగూ, ఏం చూడాలో తెలిసి మేలుకుని ఉంటే మంచిది కదా.

మీ వరండాలో కూర్చున్న ఏ తల్లినైనా, ఏ తండ్రినైనా పలకరిస్తే కాసేపటికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు: మా తర్వాత వీడెట్లా? ఇంకో బిడ్డ ఉంటే ఆ భారం వాళ్ళ మీద పడుతుందన్న దిగులు, లేకపోతే ఎవరూ లేరన్న దిగులు. దీనికి మీ దగ్గర మందు లేదని తెలుసు. కానీ మేం పోయాక కాదు, మేం ఉండగానే మొదలవ్వాల్సిన పని ఒకటుంది. తన మందులు తనే డబ్బాలో సర్దుకోవడం, తన అపాయింట్‌మెంట్ తనే గుర్తుపెట్టుకోవడం, ఒక్కడే బయటకెళ్ళి చిన్న పని చేసుకు రావడం. చీటీలో టాబ్లెట్ల కింద అది కూడా రాయండి. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. మేం చెబితే సాధింపులా ఉంటుంది, మీరు రాస్తే వైద్యమవుతుంది. మా వాడు మీ చీటీకి ఇచ్చే విలువ నా మాటకు ఎప్పుడూ ఇవ్వడు, దాని గురించి నాకే బాధా లేదు.

ఇకమీదట మా వాడి ప్రతి అపాయింట్‌మెంట్‌కూ ఒక పేజీ రాసి తెస్తాను. నిద్ర ఎన్ని గంటలు, ఏ మందు ఏ రోజు మారింది, ఆ తర్వాత ఏం కనబడింది, ఈ నెల వాడు తనంతట తాను ఏం చేశాడు. వాడికి చూపించాకే తెస్తాను, వాడు కొట్టేసిన వాక్యాలుంటే కొట్టేసినట్టే ఉంటాయి. మిగతా తల్లిదండ్రులకు కూడా అలాగే రాయమని చెబుతున్నాను. ఆ కాగితం తీసుకుని, వాడిని లోపలికి పిలిచే ముందు ఒకసారి చదివి, ఫైల్లో పెట్టండి. ఏదైనా అర్థం కాకపోతే బయటే ఉంటాం, పిలిచి అడగండి.

ఇట్లు,
ఒక తల్లి